ముట్టుకున్నాడా అని అడిగారు

ఆ వానాకాలమంతా నేను పనిలో ఉన్నంతసేపూ నీళ్లు తాగలేదు. దాహం లేక కాదు. తాగితే బాత్‌రూమ్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే సూపర్‌వైజర్ బల్ల పక్కనుంచే దారి. ఆ దారిన నడుస్తుంటే నా మీద ఒక మాట పడేది, ఆ మాట వెనకాలే పదిమంది నవ్వూ పడేది. అందుకని పొద్దున్నే ఇంట్లో గొంతు తడుపుకుని బయల్దేరితే, మళ్లీ సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి పరిగెత్తేదాన్ని.

మాది హోటళ్లకీ ఆసుపత్రులకీ బట్టలుతికే లాండ్రీ. పెద్ద రేకుల షెడ్డు. ఒక మూల గిరగిర తిరిగే మెషీన్లు, ఒక మూల బాయిలర్, మధ్యలో దుప్పట్లను ఇస్త్రీ చేసి బయటికి తోసే పొడవాటి రోలర్. ఆ షెడ్డులో మా ఇంటివాళ్లం ముగ్గురం ఉండేవాళ్లం. మా బావగారు బాయిలర్ మెకానిక్. ఆయన భార్య, అంటే నా తోడికోడలు, డిస్పాచ్ కౌంటర్‌లో ఉతికిన మూటలు వ్యాన్లకు ఎక్కించే పని చూసేది. నేను ఆమెను అక్కా అనే పిలుస్తాను. అందరికన్నా కొత్తదాన్ని నేను. బావగారు ఒక మాట చెప్పబట్టీ, సూపర్‌వైజర్ సరే అనబట్టీ నాకా ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. సూపర్‌వైజర్ అయితే అసలే మర్చిపోలేదు.

ఆయన్ని అందరూ సరదా సార్ అనేవాళ్లు. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. రోలర్ దగ్గర వేడికి మాడిపోతూ నిలబడ్డవాళ్లకి ఆ నవ్వు చల్లగాలిలా ఉండేది, కాదనను. మొదట్లో నేనూ నవ్వాను.

దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో కొసా పట్టుకుని దూరంగా నిలబడి, బిగించి లాగి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి. ఒకరోజు నా జత మనిషి రాలేదని ఆయనే అవతలి కొస పట్టుకున్నాడు. నేను నడిచి వెళ్లి కొసలు అందిస్తే తీసుకోకుండా, అలాగే నా వేళ్లకి అంగుళం దూరంలో చేతులు పెట్టి, "చూశారా, మేమిద్దరం మడుస్తుంటే కాపురం చేస్తున్నట్టే ఉంది" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. బాయిలర్ దగ్గర బావగారు కూడా నవ్వారు. ఆయనకి మాట వినబడిందో, నవ్వు మాత్రమే వినబడిందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఆయన రోజూ ఏదో ఒకటి అనేవాడు. వానలో తడిసి వస్తే తడిసిన బట్టల మీద. కొత్త చీర కడితే చీర మీద. హోటల్ నుంచి వచ్చిన దుప్పటి మీద మరకలుంటే, దాన్ని నా ముందు పరిచి, "అమ్మడూ, ఏం జరిగి ఉంటుందో చెప్పు చూద్దాం" అనేవాడు. అమ్మడు అనే పిలిచేవాడు. నాకో పేరుందని ఆయనకు తెలియదనుకోవాలి.

ఒకరోజు ధైర్యం చేసుకుని బల్ల దగ్గరికి వెళ్లాను.

"సార్, నన్ను అలా అనకండి సార్. నాకు బాగుండట్లేదు."

ఆయన నా వంక చూడలేదు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "వినండర్రా! అమ్మడికి కోపం వచ్చింది. ఇవాళ్టి నుంచి ఎవరూ పళ్లు బయటపెట్టకూడదు."

మళ్లీ గొల్లుమన్నారు. మర్నాడు నన్ను రోలర్ దగ్గర్నుంచి తీసి మురికి గదిలో వేశాడు.

మురికి గది అంటే ఉతకాల్సిన బట్టలు వచ్చి పడే గది. ఆసుపత్రి మూటలు ఒక పక్క, హోటల్ మూటలు ఒక పక్క. విప్పి, రకాలు విడదీసి, బండ్లలో వెయ్యాలి. మామూలుగా అక్కడ ఇద్దరుండేవాళ్లు. నన్ను వేశాక ఒక్కదాన్నే అయ్యాను. వానాకాలంలో ఆ గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ వాసనకి రెండు రోజుల్లో అలవాటుపడ్డాను. ఆయన రాకకి మాత్రం అలవాటుపడలేకపోయాను. ఈల వేసుకుంటూ వచ్చేవాడు. ఈల దగ్గరయ్యేకొద్దీ నా చేతులు చల్లబడేవి. లోపలికి వచ్చి, "అబ్బా, కంపు బయటికి పోతోంది" అంటూ తలుపు దగ్గరికి వేసేవాడు. ఊరికే నిలబడేవాడు. నేను పని చేస్తుంటే చూసేవాడు. నిండిన బండి తోసుకుని బయటికి పోదామంటే గుమ్మానికి అడ్డంగా ఉండేవాడు.

"దారివ్వండి సార్."

"అడగాల్సినట్టు అడిగితే ఎందుకివ్వను?"

అప్పుడు ఏం చెయ్యాలి? అరిస్తే ఏమని అరవాలి? మనిషి నన్ను తాకలేదు. గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. ఒక్కోసారి బయట ఎవరిదో ట్రాలీ వచ్చి ధడేలుమని తలుపుకి తగిలేది. ఆయన తిట్టుకుంటూ తలుపు తీసి పోయేవాడు. నా అదృష్టం బాగుందనుకునేదాన్ని. ట్రాలీ రాని రోజు సంగతి తల్చుకుంటే అన్నం సహించేది కాదు.

చివరికి ఇంట్లో చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం, అందరం భోజనాల దగ్గర ఉన్నాం. మా ఇంట్లో వంట ఒకటే, అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని తింటారు. నేను చెప్పడం మొదలుపెట్టాక మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"వాణ్ని రేపే చూస్తాను. కాలర్ పట్టుకుని రోడ్డు మీదికి ఈడుస్తాను."

"ఈడ్చి?" అన్నారు బావగారు. "నిన్ను లోపలేస్తారు. దానివల్ల ఈ పిల్లకేం ఒరుగుతుంది?"

"అయితే మానేస్తుంది. ఇంత జరిగాక అక్కడెందుకు?"

"నేనెందుకు మానాలండీ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "తప్పు నాదా?"

బావగారు చెడ్డవారు కారు. మా పెళ్లయిన కొత్తలో నాకు జ్వరమొస్తే నన్ను స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే. ఆయనకి సరదా సార్ ఇరవై ఏళ్ల స్నేహితుడు. తల దించుకుని, అన్నం కెలుకుతూ అడిగారు.

"ముట్టుకున్నాడా?"

"లేదు."

"మరి?"

అక్క లేచి మజ్జిగ తేవడానికి వెళ్లింది. చాలాసేపటిదాకా రాలేదు.

ఆ తర్వాత రెండో రోజు, పని దిగి వస్తుంటే, అక్క నన్ను నోటీసు బోర్డు దగ్గర ఆపింది. సెలవుల పట్టికలూ జాగ్రత్తల బొమ్మలూ కింద అంటించిన పాత కాగితం ఒకటి చూపించింది. పనిచేసే చోట ఆడవాళ్లని వేధిస్తే ఫిర్యాదు వినడానికి కమిటీ ఉందని రాసి ఉంది. కింద ముగ్గురి పేర్లు. మూడోది అక్కది.

"ఇదేంటక్కా, నువ్వా?"

"నాకూ ఇవాళే తెలిసింది. ఎప్పుడో ఆఫీసు మేడమ్ వచ్చి, వర్కర్ల తరఫున ఒక ఆడమనిషి ఉండాలట, సంతకం పెట్టమంటే పెట్టాను. స్టోర్ సామాను కోసమేమో అనుకున్నాను." నవ్వబోయి ఆగిపోయింది. "రెండో పేరు బయటి లాయరట. ఫోన్ చేశాను. రమ్మన్నారు."

లాయరమ్మ ఇల్లు ఒక మందుల షాపు మేడ మీద. మేం వెళ్లేసరికి ఆమె కిటికీలో ఆరేసిన బట్టలు వానకి తడవకుండా లోపలికి లాగుతోంది. మమ్మల్ని కూర్చోబెట్టి, బట్టలు మడుస్తూనే విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా "మరి?" అనలేదు. నేను అంతా చెప్పి, చివర్న ఆమె అడక్కముందే, బావగారి ప్రశ్నకి జవాబిచ్చినట్టు, "కానీ ముట్టుకోలేదండి" అన్నాను.

"ముట్టుకోవాలని చట్టం ఎక్కడా అనలేదమ్మా" అందామె. "చూపు, మాట, పాట, బూతు జోకు, దారికి అడ్డం నిలబడటం, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక మనిషి భయపడకుండా, సిగ్గుపడకుండా తన పని తాను చేసుకోలేని పరిస్థితి తెచ్చిపెడితే, అదే వేధింపు."

"ఆయన సరదాకే అన్నానంటారు."

"అననీ. ఆయన ఎందుకన్నాడు అన్నదొక్కటే చూడరు. మీకు ఇష్టమా కాదా అన్నది చూస్తారు. మీరు వద్దని చెప్పారు కూడా. వద్దన్న మర్నాడే మిమ్మల్ని తీసుకెళ్లి వేరే గదిలో వేశాడే, అది ఇంకో తప్పు. ఫిర్యాదు పెట్టాక మీ మీద కక్ష తీర్చుకుంటే అదీ తప్పే. ఒక్కటే మాట, ఆలస్యం చెయ్యకండి. దీనికి గడువుంటుంది."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నాలోపల ముద్దలా ఉన్నదానికి ఎవరో పేరు పెట్టినట్టయింది. పక్కన అక్క మాత్రం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అమ్మా, నేను ఈ పిల్లకి తోడికోడల్ని. నేను కమిటీలో ఉండొచ్చా?"

"ఉండకూడదు. ఆ సంగతి విచారణ మొదట్లోనే చెప్పి తప్పుకోవాలి." ఆమె మడత ఆపి అక్క వంక చూసింది. "మీరేమైనా చూశారా?"

అక్క వేలికి చుట్టుకున్న కొంగు విప్పి మళ్లీ చుట్టింది. లాయరమ్మ రెట్టించలేదు. "తప్పుకుని ఇంటికి పోవచ్చు. లేదంటే చూసింది చెప్పొచ్చు. అది మీ ఇష్టం. ఎవరూ బలవంతం చెయ్యకూడదు, ఈ అమ్మాయి కూడా" అంది.

బస్సులో దారి పొడవునా అక్క కిటికీలోంచి వాన చూస్తూ కూర్చుంది. నేను అడగలేదు. అడిగితే లేదంటుందేమోనని భయం.

ఫిర్యాదు ఇచ్చాను. లోపలి మాట బయటికి పొక్కకూడదని చట్టంలో ఉందట. మా షెడ్డుకి చట్టం ఇంకా చేరలేదు. మధ్యాహ్నానికే అందరికీ తెలిసిపోయింది. నాతో టిఫిన్ డబ్బా పంచుకునే మనిషి గోడవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. నాకు సాక్ష్యం చెప్తావా అని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఒకామె, "ఆయన అందర్నీ అంటాడమ్మా, నువ్వొక్కదానివే మహారాణివా?" అంది. ఇంకొకామె నా చెయ్యి నొక్కి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే సరదా సార్ మా ఇంటికి వచ్చాడు.

తలుపు తీసింది నేనే. గొడుగు దులుపుతూ, చేతిలో పళ్ల సంచితో, పిలిచిన చుట్టంలా లోపలికి నడిచాడు. నేను వెనక్కి వెనక్కి నడిచి వంటింటి గోడకి ఆనుకున్నాను. బావగారు ఏం చెయ్యాలో తోచక కుర్చీ వేశారు. మా ఆయన ఇంట్లో లేకపోవడం మంచిదయింది.

"అత్తయ్యా, బాగున్నారా?" అంటూ మా అత్తగారి పక్కన కూర్చున్నాడు. "చిన్నదాన్ని నవ్వుతూ ఏదో అన్నానట, అది పట్టుకుని కాగితాలదాకా పోయింది. నాకు చెల్లెల్లాంటిది. మీరే చెప్పండి, చెల్లెల్ని ఆటపట్టించకూడదా?"

మా అత్తగారికి చెవులు కాస్త మందం. కానీ ఆ రోజు అన్నీ వినబడ్డాయి.

"చెల్లెలైతే ఇక్కడే అను నాయనా. అక్కడ అన్నవి ఇక్కడ, మా అందరి ముందూ ఒకసారి అను. మేమూ నవ్వుకుంటాం."

ఆయన బావగారి వంక చూశాడు. బావగారు నేల వంక చూశారు. పళ్ల సంచి తీసుకుని వెళ్లాలో వదిలి వెళ్లాలో తెలియక కాసేపు తచ్చాడి, వదిలేసి వెళ్లాడు. బావగారు ఆయనతో పాటు వీధి మలుపుదాకా వెళ్లి, తిరిగొచ్చి, అక్కతో మెల్లగా అనడం వంటింట్లోకి వినబడింది.

"నువ్వు కమిటీలో ఉన్నావు కాబట్టి ఏ పక్షానా మాట్లాడకూడదు. ఊరికే కూర్చుని రా. ఎవరికీ చెడ్డ కాకుండా పోతుంది."

"ఊఁ" అంది అక్క. ఆ "ఊఁ" కి అర్థమేమిటో విచారణ రోజు దాకా ఆలోచించాను.

విచారణ ఆఫీసు మేడ మీది గదిలో పెట్టారు. కింద షెడ్డులోంచి చూస్తే ఆ వరండా మొత్తం కనబడుతుంది. వరండాలో బెంచీ మీద సరదా సార్ ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నాడు. తల దించుకుని ఆయన్ని దాటి లోపలికి వెళ్లాను. పొడవాటి బల్లకి అటు ఆఫీసు మేడమ్, లాయరమ్మ, అక్క. ఇటు నేనొక్కదాన్నే. అక్క నా వంక చూడలేదు.

"మొదలుపెట్టే ముందు" అంది లాయరమ్మ, "సభ్యుల్లో ఎవరికైనా ఈ ఇద్దరిలో ఒకరితో బంధుత్వముంటే చెప్పాలి."

అక్క లేచింది. "నా తోడికోడలండి."

ఆఫీసు మేడమ్ ముఖంలో తేలిక కనబడింది. "అయ్యో, ముందే చెప్పాల్సింది. సరే, మీరు వెళ్లిపోవచ్చు. ఇంకొకర్ని పిలిపిస్తాను."

అక్క వెళ్లలేదు. తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని రెండు చేతులా ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన వేసి కూర్చుంది.

"నేను చూశానండి" అంది. "చెప్తాను."

లాయరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "చెప్పాలమ్మా, తప్పకుండా చెప్పాలి. కానీ సాక్షులు తమ వంతు వచ్చేదాకా బయట ఉండాలి. అది పద్ధతి."

"అలాగేనండి" అని అక్క లేచి, ఆ కుర్చీనే మళ్లీ మోసుకుని వరండాలోకి వెళ్లింది. తలుపు మూసుకునేలోపు చూశాను. సరదా సార్‌కి సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది. కింద షెడ్డులో రోలర్ దగ్గరివాళ్లంతా తలలు పైకెత్తి చూస్తున్నారు. బాయిలర్ పక్కన బావగారు కూడా.

నా వంతు గంటకు పైగా సాగింది. ఆఫీసు మేడమ్, "మీరూ నవ్వేవారట కదా?" అని అడిగింది. "మొదట్లో నవ్వానండి" అన్నాను. నవ్వినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని లాయరమ్మ రాయించింది. మిగతావి ఎలా చెప్పానో నాకే గుర్తులేదు.

సాయంత్రం బస్‌స్టాపులో అక్కని అడిగాను. "ఏం చెప్పావక్కా?"

"ట్రాలీ సంగతి చెప్పాను."

"ఏ ట్రాలీ?"

"మా కౌంటర్‌కి మురికి గది తలుపు కనబడుతుంది కదే. వాడు లోపలికెళ్లి తలుపు మూసినప్పుడల్లా ట్రాలీ తెచ్చి గుద్దేదాన్ని. అంతకన్నా ఏం చెయ్యాలో తెలిసేది కాదు. చేతిలో పని ఉన్నప్పుడు రాలేకపోయేదాన్ని. ఆ రోజులు తల్చుకుంటే..." ఆమె మాట ఆపేసి బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూసింది. "నీకన్నా ముందు నన్నూ అనేవాడు. మీ బావగారు పక్కనే ఉండేవారు. నేను నవ్వకపోతే ఆయన చిన్నబోతారని నవ్వేదాన్ని. అది కూడా చెప్పేశాను."

కమిటీ నా ఫిర్యాదు నిజమని తేల్చింది. సరదా సార్‌ని మా షెడ్డు నుంచి తీసేశారు. నన్ను మళ్లీ రోలర్ దగ్గరికి పంపారు. మురికి గదిలో ఒక్కరినే ఎవర్నీ వెయ్యకూడదని రూలు పెట్టారు. అంతా సుఖాంతం అయిపోయిందనను. ఆయన పోయాక షెడ్డులో సందడే పోయిందని నన్ను తిట్టుకున్నవాళ్లున్నారు. వెనకాల ఎవరైనా ఈల వేస్తే నా చేతులు చల్లబడటం అలాగే ఉంది. ఇంట్లో బావగారు అక్కతో మాట్లాడటం మానేశారు. ఎప్పట్లాగే తమ్ముడి పక్కన కూర్చుని తినేవారు, లేచి వెళ్లిపోయేవారు. అక్కా మాట్లాడించలేదు. "ఆయనకి కోపం నా మీద కాదులే" అనేది. "మరెవరి మీద?" అంటే చెప్పేది కాదు.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక ఆదివారం ఎవరో తలుపు తట్టారు. బావగారు తీశారు. గుమ్మంలో ఒకామె, డ్రయ్యర్ల దగ్గర పనిచేసే మనిషి, చీర అంచు పిండుకుంటూ నిలబడి ఉంది. నాకు సాక్ష్యం చెప్పనని చెయ్యి నొక్కి వెళ్లిపోయింది ఈమే.

"కమిటీ అక్క ఉన్నారా?" అంది.

అక్క వచ్చి ఆమెను లోపల కూర్చోబెట్టింది. ఆమె మమ్మల్నందర్నీ ఒక్కొక్కర్నే చూసి తల దించుకుంది. నాకు అర్థమైంది. నేను అత్తగారిని లేవదీసి వెనక గదిలోకి తీసుకెళ్లాను. బావగారు మాత్రం గది మధ్యలో నిలబడిపోయారు.

"నేను ఉండకూడదా?" అన్నారు. ఇన్ని రోజుల్లో అక్కతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"ఆమె చెప్పుకునేది ఆమె ఇష్టం లేకుండా మీరు వినకూడదు" అంది అక్క, మామూలుగానే.

ఆయన తలూపారు. వంటింట్లోకి వెళ్లి, తనే టీ పెట్టి, రెండు గ్లాసులు తెచ్చి ఆమె ముందొకటి, అక్క ముందొకటి పెట్టారు. తలుపు దగ్గరికి వేసి వెళ్లబోతూ ఆగి, ఆమె వంక చూసి, పూర్తిగా తెరిచిపెట్టారు. చెప్పులేసుకుని వీధిలోకి దిగారు.

వెనక గది కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉన్నారు. గొడుగు తీసుకెళ్లడం మర్చిపోయారు. ఎదురుగా మూసి ఉన్న కొట్టు చూరు కింద, సగం తడుస్తూ, మా ఇంటి వైపు వీపు పెట్టి నిలబడ్డారు. మా వీధిలో కుర్రాడెవడో మా ఆయన కోసం వచ్చి మా గుమ్మం వైపు నడవబోతే, చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"ఇప్పుడు కాదు" అనడం వినబడింది. "లోపల పనిలో ఉన్నారు."